సగంలో ఆపినవి

కొత్త సర్వర్, అంటే సినిమాలన్నీ దాచుకుని టీవీకి పంపే యంత్రం, చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దగా ఉంటుంది. నల్లటి పెట్టె, ఎదురుగా రెండు చిన్న తలుపులు, ఒక్కో తలుపు వెనక ఒక్కో హార్డ్ డిస్క్. ఒకదానిలో ఏది ఎక్కించినా రెండోదానిలోనూ అదే ఎక్కుతుంది. ఒకటి పాడైనా రెండోది ఉంటుందన్నమాట. మా బావమరిది ఫోన్లో ఈ సంగతి వివరిస్తూ, మనుషులకి కూడా ఇలాంటి ఏర్పాటు ఉంటే బాగుండునని అనబోయి ఆగిపోయాడు. వాడు అనకపోయినా నాకు తెలిసిపోయింది. వాడి నోరు అలాంటిది. నేను స్క్రూలు ఎటు తిప్పాలని అడిగాను.

నాది కళ్లజోళ్ల కొట్టు. పొద్దున్నించి సాయంత్రం దాకా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లముందు అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, పోనీ ఇది బాగుందా అని అడగడమే నా పని. అందుకేనేమో, తెర మీద బొమ్మ కాస్త మసగ్గా కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటర్నెట్‌లో వచ్చే సినిమాలు నాకు పడవు. మంచి సీను వచ్చేసరికి బొమ్మ గడులు గడులుగా విడిపోవడం, సున్నా గిర్రున తిరగడం, మనం నోరు వెళ్లబెట్టుకుని చూస్తూ కూర్చోవడం. అందుకని ఏళ్ల తరబడి డిస్కులు కొన్నాను. వాటన్నిటినీ ఒక పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించి టీవీకి తగిలించాను. ఆ లాప్‌టాప్ మూత ఊడిపోయింది. ఫ్యాను మొదలైతే పిండిమర ఆడినట్టు ఉంటుంది. మా ఆవిడ దాన్ని 'మీ రెండో పెళ్లాం' అనేది.

మా ఆవిడ పోయింది. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్లాను. తిరిగి నేనొక్కడినే వచ్చాను. అంతకు మించి చెప్పడానికి నాకేమీ తోచదు. వచ్చినవాళ్లందరూ ఏడ్చారు. నేను వాళ్లకి కుర్చీలు వేశాను, మంచినీళ్లు ఇచ్చాను. వారం తిరక్కుండా కొట్టు తెరిచాను. గుండె రాయి చేసుకున్నాడని నా గురించి ఎవరో అన్నారట. చేసుకోవడానికి అక్కడ ఏదైనా ఉంటే కదా. లోపల చెయ్యి పెట్టి చూసుకుంటే ఖాళీ గోడ తగిలినట్టుండేది.

సర్వర్ పని ఎందుకు మొదలుపెట్టావని ఎవరైనా అడిగితే లాప్‌టాప్ చచ్చేలా ఉందని చెప్పేవాణ్ని. అది నిజమే. కానీ సినిమాలు పోతాయని నా బెంగ కాదు. డిస్కులు బీరువాలో ఉన్నాయి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. నా బెంగంతా వేరే.

టీవీ పెట్టగానే 'ఎవరు చూస్తున్నారు' అని అడుగుతుంది. కింద మొహాలుంటాయి. మన మొహం మీద నొక్కితే మన సినిమాలు, మన లెక్కలు మనకి వస్తాయి. లాప్‌టాప్‌లో రెండే మొహాలుండేవి. ఒకటి నాది. ఫోటో బదులు ఒక కళ్లజోడు బొమ్మ, కింద 'అద్దాలాయన' అని పేరు. అది తను పెట్టిందే. రెండోది తనది. నిజం ఫోటో, తల కాస్త పక్కకి వంచి, నవ్వబోతూ ఆగినట్టు. కింద 'మేనేజరు' అని రాసుకుంది. ఇంటి వ్యవహారం అంతా తనే చూసేది కాబట్టి ఆ హోదా తనే ఇచ్చుకుంది. నేనూ కాదనలేదు.

ఆ మేనేజరు మొహం నొక్కితే పైన ఒక వరస వచ్చేది: 'సగంలో ఆపినవి'. ఒక్కో సినిమా బొమ్మ కింద సన్నటి ఎర్ర గీత. ఎంతవరకు చూశారో అంతవరకే గీత ఉంటుంది. ఆ వరస తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పట్టేంత ఉండేది, ఎందుకంటే మా ఆవిడ ఏ సినిమా పూర్తిగా చూసి ఎరగదు. నేను కొట్టుకి వెళ్లాక మధ్యాహ్నం పెట్టుకునేది. సాయంత్రం వచ్చి చూస్తే ఇంకో సినిమా కింద ఇంకో సగం గీత. ఏమిటిదని అడిగితే, 'నాకు నిద్రొచ్చేసింది, ఆపేశా' అనేది. నేను ఎంత ఆటపట్టించేవాణ్నో చెప్పలేను. కుంభకర్ణుడి చెల్లెలు అన్నాను. మేనేజరు పగటిపూట డ్యూటీలో నిద్రపోతే ఎలా అన్నాను. ఇంటికి ఎవరొచ్చినా ఈ కథే చెప్పేవాణ్ని. తను మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది తప్ప ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

తను పోయాక ఆ వరసే నాకు మిగిలింది. చీరలు వాళ్ల తమ్ముడి భార్య తీసుకెళ్లింది, నేనే ఇచ్చాను. ఫోటోలు చూస్తే ఏమీ అనిపించేది కాదు, ఎవరో తెలిసినావిడ అన్నట్టుండేది. కానీ ఆ గీతల చివర్లు అలా కాదు. ఇక్కడ తన కళ్లు మూతలు పడ్డాయి, ఇక్కడ రిమోట్ నొక్కింది, అని ఒక్కో గీత చూసుకుంటూ కూర్చునేవాణ్ని. ఓడలో వంటమనిషి కథ ఒకటి ఉంది. అందులో వంటమనిషి బకెట్టు పట్టుకుని ఓడ అంచున నిలబడి ఉండగా ఆపేసింది. నేను మాత్రం ఆ సినిమాలేవీ ఆడించలేదు. ఆడిస్తే గీత కదిలిపోతుంది.

మా బావమరిదికి ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసే ఉద్యోగం. సర్వర్ గురించి వాడికే ఫోన్ చేశాను.

"సినిమాలు కాపీ అయిపోతాయి బావా. ఓ రాత్రి వదిలేస్తే చాలు. ఎంతవరకు చూశామనే లెక్కలు మాత్రం వేరే ఫైల్లో ఉంటాయి. అవి తేవడం తలనొప్పి. పోతే పోయాయిలే, సినిమాలు ఉంటాయిగా."

"సినిమాలు పోతే పోనీ. ఆ లెక్కలే రావాలి."

"అవెందుకు బావా?"

"రావాలంటే రావాలి. నీకు చేతనవుతుందా, ఇంకెవర్నైనా అడగనా?"

ఆదివారం వస్తానన్నాడు వాడు. వచ్చి, మధ్యాహ్నం భోజనం కూడా కీబోర్డు పక్కనే పెట్టుకుని, రెండు పెట్టెల మధ్య కుస్తీ పట్టాడు. సాయంత్రానికి కొత్త సర్వర్లో మేనేజరు మొహం వచ్చింది. నొక్కితే వరస వచ్చింది. గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను థాంక్స్ అన్నాను, ఎవరో కొట్టుకి వచ్చిన మనిషికి చెప్పినట్టు.

వెళ్లేముందు వాడు వాళ్లమ్మని కూడా పలకరించాడు. మా అత్తగారు మా ఇంట్లోనే ఉంటారు. చెవులు బాగా మందగించాక ఒక్కరే ఉండలేక కూతురి దగ్గరికి వచ్చారు. కొడుకు రమ్మన్నా, అక్కడ ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు, పగలంతా గోడలు చూస్తూ కూర్చోవాల్సొస్తుందని రాలేదు. కూతురు ఉన్నంత కాలం ఆ ఏర్పాటు బాగానే ఉంది. ఇప్పుడు కూతురు లేదు, ఆవిడ అల్లుడి ఇంట్లో ఉన్నారు. ఈ సంగతి ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఆవిడ పొద్దున్నే నాకు టిఫిన్ చేసి పెట్టేవారు, నేను తినేసి వెళ్లేవాణ్ని. ఒకే బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు మనుషుల్లా ఉండేవాళ్లం.

కొత్త సర్వర్లో నేను మూడో మొహం కూడా పెట్టాను. ఆవిడ ఫోటో, కింద 'అత్తయ్యగారు' అని పేరు. ఆ మొహం నొక్కి చూసుకోండని రెండుసార్లు చూపించాను, గట్టిగా అరిచి చెప్పాను. సరే బాబూ అన్నారు. దాంతో నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఆ తర్వాత నా ధ్యాసంతా బొమ్మ మీదే. గాలిలో వచ్చే సిగ్నల్ మీద నమ్మకం లేక, రౌటర్ నుంచి టీవీ దాకా గోడ వెంబడి కేబుల్ లాగాను. టీవీ పక్కన గోడకి నాలుగు గుండుసూది చిల్లులు కనిపించాయి, నలుచదరంగా, ఏదో కాగితం గుచ్చి పీకేసినట్టు. ఎవరు చేశారో ఆలోచించకుండా వాటి మీద పుట్టీ రాసి, రంగు వేసి, కేబుల్‌కి క్లిప్పులు కొట్టాను. టీవీ సెట్టింగుల్లోకి పోయి కంపెనీవాళ్లు బొమ్మకి పెట్టిన రంగుల వేషాలన్నీ తీసేశాను. సర్వర్ ఏ సినిమానీ దారిలో మార్చకుండా, డిస్కులో ఉన్నది ఉన్నట్టు పంపేలా చూశాను. దారిలో మార్చిందంటే నాణ్యత చస్తుంది. చివరికి ఒక పొద్దున కర్టెన్లు వేసి, నా మొహం కిందే ఒక సినిమా పెట్టాను. వానలో ఒక మనిషి నడుస్తున్నాడు. కోటు మీద పడ్డ ఒక్కో చుక్కా విడివిడిగా కనిపించింది. అంత స్పష్టమైన బొమ్మ నేను జన్మలో చూడలేదు. చూశాను, బాగుందనుకున్నాను, ఆపేశాను. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగాను కూడా. రాలేదు.

సర్వర్ ఏం చేస్తోందో ఫోన్లో కూడా చూసుకోవచ్చు. కొట్లో ఖాళీ దొరికినప్పుడల్లా తీసి చూసేవాణ్ని. డిస్కులు చల్లగా ఉన్నాయా, ఎంత జాగా మిగిలింది, ఇలాంటివి. అది నన్నేమీ అడగదు, నాకు ఓదార్పు చెప్పదు. అందుకే దానితో నాకు కుదిరింది.

ఒక మధ్యాహ్నం కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. కింది వరస చదవమని చెప్పి, ఆవిడ గొణుక్కుంటూ ఉండగా ఫోన్ తీశాను. తెర మీద మా ఆవిడ మొహం ఉంది. పక్కన, 'మేనేజరు చూస్తున్నారు'. కింద సినిమా పేరు. దాని కింద ఎర్ర గీత మెల్లగా ముందుకి పాకుతోంది.

"అది ఆరా, ఎనిమిదా?" అని కుర్చీలో ఆవిడ అడిగింది.

"ఆరు" అన్నాను, చూడకుండానే.

భయం వేసిందని చెబితే అబద్ధం. మొదట్లో ఒక్క క్షణం, ఓహో, లేచిందన్నమాట, అనుకున్నాను, పొద్దున పనిమనిషి వచ్చిందన్నమాట అనుకున్నంత మామూలుగా. ఆ తర్వాత ఆ పేరు మళ్లీ చదివాను. సర్వర్లో తప్పుందేమో అనుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్లి చూస్తే వరసలో ఆ సినిమా లేదు. చివరిదాకా ఆడేస్తే సర్వర్ దాన్ని ఆ వరసలోంచి తీసేస్తుంది, అయిపోయింది కదా అని. మర్నాడు మధ్యాహ్నం కూడా అంతే. మేనేజరు చూస్తున్నారు. గీత చివరిదాకా పోయింది. సినిమా మాయమైంది.

ఇంట్లో ఉన్నది ఒక్కరే. ఇక ఎవరని వేరే చెప్పక్కర్లేదు.

నాకు కోపం వచ్చింది. తను పోయాక నాకు కలిగిన మొదటి అనుభూతి అదే, దాన్ని దాచడం అనవసరం. ఆవిడకంటూ వేరే మొహం పెట్టానా, ఎలా నొక్కాలో చూపించానా, మళ్లీ పోయి కూతురి మొహం మీదే వేలు పెట్టడం ఏమిటి? రోజుకొకటి చొప్పున నా వరస ఖాళీ అవుతోంది. ఆవిడతో చెప్పాలంటే అరిచి చెప్పాలి. ఏమని అరవాలి? మీ అమ్మాయి నిద్రపోయిన చోట్లు చెరిపేస్తున్నారనా? వీధివాళ్లంతా వింటారు. ఇలా ఎటూ తేల్చుకోలేక రోజులు గడిపి, చివరికి మాట్లాడకుండా ఒక పని చేశాను. మేనేజరు మొహానికి తాళం వేశాను. నొక్కితే నంబరు అడుగుతుంది. ఆ నంబరు నాకొక్కడికే తెలుసు. అప్పటికి వరసలో ఒకే ఒక్క సినిమా మిగిలింది, ఓడలో వంటమనిషిది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఫోన్లో చూస్తే సర్వర్ ఖాళీగా ఉండేది. ఎవరూ ఏమీ చూడటం లేదు. హమ్మయ్య అనుకున్నాను.

కొన్నాళ్లకి, నేను టిఫిన్ తింటుండగా, అత్తయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి అన్నారు.

"అబ్బాయి దగ్గరికి వెళ్లి ఉంటాను బాబూ. వాడు ఎప్పట్నించో రమ్మంటున్నాడు."

"ఎన్నాళ్లు?" అన్నాను గట్టిగా.

"ఉంటాను" అన్నారు.

సరే అన్నాను. బావమరిది ఫోన్ చేసి, ఏమైంది బావా, అమ్మ ఏమీ చెప్పట్లేదు, అని నసిగాడు. ఏమీ కాలేదు, ఆదివారం వచ్చి తీసుకెళ్లు, అన్నాను. ఆవిడ సంచీ సర్ది హాల్లో గోడవార పెట్టుకున్నారు. చాలా చిన్న సంచీ. దాన్ని చూసినా నాకేమీ అనిపించలేదు. ఆవిడ కళ్లజోడు మాత్రం కళ్లలో పడింది. అద్దాల నిండా గీతలు, ఒక కాడకి దారం చుట్టి ఉంది. కళ్లజోళ్ల కొట్టువాడి అత్తగారు ఈ జోడుతో కొడుకు ఇంటికి వెళితే, కోడలు ఏమనుకుంటుంది, చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారు. అంతా పోయినా పరువు మాత్రం మిగిలినట్టుంది నా దగ్గర. శనివారం పొద్దున ఆవిడని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లాను.

కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదుటి గోడ మీద అక్షరాలూ అంకెలూ రాసిన చార్టు ఉంటుంది, పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. దీపం వేశాను. ఒక కన్ను మూసి, చదవండి, అని గట్టిగా చెప్పబోయాను. ఆవిడ చదవలేదు. చార్టు వంక చూస్తూ ఉండిపోయారు.

"ఇది మనింట్లో ఒకసారి పెట్టాం కదా."

"ఇది కొట్టుది అత్తయ్యా. ఇంట్లో ఎందుకుంటుంది?"

"ఇది కాదు, ఇలాంటిదే. ఓ మధ్యాహ్నం టీవీ పక్కన గోడకి పెట్టింది అమ్మాయి, మీరొచ్చేలోగా తీసేసింది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి, ఏ వరస దాకా కనిపిస్తోందమ్మా అని అడిగింది. అచ్చం మీలాగే. ఇది బాగుందా, ఇది బాగుందా అంటూ."

అప్పుడు గుర్తొచ్చింది. చాలాకాలం కిందట, కొట్లో పాత చార్టు తీసి కొత్తది పెడుతుంటే, 'ఆ పాతది నాకివ్వండి, పనుంది' అంది. ఇచ్చాను. పనేమిటని అడగలేదు. టీవీ పక్కన నాలుగు చిల్లులు. వాటి మీద నేనే పుట్టీ రాశాను.

"ఎందుకు పెట్టింది?" అన్నాను. ఆవిడకి వినపడాలని చెవి పక్కనే వంగి నిలబడ్డాను.

"సినిమా బొమ్మ కింద అక్షరాలు వస్తాయి కదా బాబూ, వాళ్లు మాట్లాడే మాటలు. నాకు వినపడవుగా. చదువుకుంటూ చూస్తాను. ఎంత పెద్దగా ఉంటే నాకు ఆనుతాయో చూసి, పసుప్పచ్చగా, ఇంతింత చేసి పెట్టింది." ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ విడదీసి చూపించారు. "అది తన దాంట్లోనే పెట్టింది. నా బొమ్మ ఉన్నదాంట్లో చీమల్లా ఉంటాయి. ఒక్క ముక్కా కనపడదు."

"నాతో చెప్పొచ్చు కదా అత్తయ్యా. ఒక్క నిమిషం పని."

"మీరు ఎప్పుడూ ఆ పెట్టె దగ్గరే కూర్చుని ఉంటారు. ఇంకో పని చెప్పడం ఎందుకనీ." ఒళ్లో కొంగు సర్దుకుంటూ అన్నారు. "తర్వాత అది నంబరు అడగడం మొదలుపెట్టింది. అమ్మాయి వస్తువు నేను ముట్టుకోవడం మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను. మీ ఇల్లు మీది. ఇంక నేనిక్కడ ఉండి మాత్రం..."

నేను అద్దాల పెట్టె మూత తీశాను, మళ్లీ మూశాను. నాకు సిగ్గేసింది. రోజూ ఊళ్లోవాళ్లందరికీ ఏ అక్షరం ఆనుతుందో ఏది ఆనదో చూస్తాను. కోటు మీద వాన చుక్కలు లెక్కపెట్టుకున్నాను గానీ, ఆ బొమ్మ కింద వచ్చే అక్షరాలు ఎంతున్నాయో ఒక్కసారి చూడలేదు.

అయినా మనసులో ఒకటి మిగిలిపోయింది. అది అడక్కుండా ఉండలేకపోయాను.

"మరి అన్నీ చివరిదాకా చూసేశారేం? తను సగంలో ఆపినవన్నీ?"

"ఎక్కడ చూశాను బాబూ," అన్నారు. ఆవిడ నవ్వినట్టే అన్నారు గానీ కళ్లు నవ్వలేదు. "నాకు మధ్యలో నిద్రొచ్చేస్తుంది. ఎంత ఆపుకున్నా ఆగదు. లేచేసరికి సినిమా అయిపోయి ఉంటుంది. ఇదివరకైతే నేను కునుకు తీయగానే అమ్మాయి ఆపేసేది. మళ్లీ ఎప్పుడైనా అది చూడాలనుకుంటే కాస్త వెనక్కి తిప్పి, అమ్మా, ఇక్కడి దాకా వచ్చాం, అని చెప్పి పెట్టేది. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు కదా. ఒక్కదానికీ చివర ఏమైందో తెలీదు."

"నిద్రపోయేది తను కదా" అన్నాను.

"దానికి పగలు నిద్ర ఎక్కడిది? చిన్నప్పట్నించీ లేదు. నేనే చెప్పొద్దన్నాను, అల్లుడుగారు వేళాకోళం చేస్తారు, నాకు తలకొట్టేసినట్టుంటుంది, అని. పోనీలే అమ్మా, నా మీద వేసుకుంటాలే, అంది. మీరు దాన్ని అందరి ముందూ అంటుంటే నాకు ప్రాణం చివుక్కుమనేది. అదేమో వంటింట్లోకి వచ్చి నవ్వేది."

కొట్టు ముందు బండి ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది. చార్టు వెనక దీపం వెలుగుతూనే ఉంది. తను మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లేదని ఇన్నేళ్లూ నేను చెప్పుకున్న కథలో, వంటింట్లో ఏం జరిగేదో నాకు తెలియదు. ఆ గీతల చివర తను నిద్రపోలేదు. మెలకువగా ఉంది. పక్కకి తిరిగి వాళ్లమ్మ మొహం చూసి, రిమోట్ అందుకుంది.

"ఒక కన్ను మూయండి అత్తయ్యా," అన్నాను. "పై నుంచి చదవండి."

ఆవిడ చదివారు. నేను అద్దాలు మార్చాను. ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగాను. అద్దాల కొత్త నంబరు రాసుకున్నాను. గీతలు పడని అద్దాలు ఎంచి, తేలికపాటి ఫ్రేములో నేనే బిగించాను. ఆవిడ ముక్కు మీద పెట్టి, కాడలు చెవుల వెనక సరిగా కూర్చున్నాయో లేదో వేలితో చూశాను. అంత దగ్గరగా ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. నుదురు అచ్చం తనదే.

మధ్యాహ్నానికి కొట్టు కట్టేశాను. దారిలో బావమరిదికి ఫోన్ చేశాను.

"రేపు రా. భోజనానికి రా. సంచీ కోసం మాత్రం రాకు."

"అమ్మ వస్తానంది కదా బావా?"

"అప్పుడంది. నేను బతిమాలుకుంటున్నాను, ఉండమని. నువ్వు మధ్యలో దూరకు."

ఆవిడకి ఈ మాటలేవీ వినపడలేదు. పక్కన నడుస్తూ కొత్త జోడులోంచి కొట్ల మీది బోర్డులు ఒక్కోటీ చదువుకుంటున్నారు. నేను ఆగి, చెవి దగ్గరికి వంగి, మీరు ఎక్కడికీ వెళ్లొద్దు అత్తయ్యా, అని చెప్పాను. రోడ్డు మీద అంత గట్టిగా అరిచినందుకు ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఇంటికి రాగానే ఆవిడ సంచీ తీసుకుని లోపలికి వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చారు.

ఆవిడ మొహం కింద కూడా పసుప్పచ్చటి పెద్ద అక్షరాలు పెట్టొచ్చు. ఒక్క నిమిషం పని అని నేనే అన్నాను. అయినా మేనేజరు మొహం దగ్గరికే వెళ్లి, నంబరు కొట్టి తెరిచాను. ఆ తర్వాత తాళమే తీసిపారేశాను. వరసలో ఒక్కటే ఉంది. వంటమనిషి బకెట్టు పట్టుకుని నిలబడ్డ చోట ఎర్ర గీత ఆగి ఉంది. నొక్కితే కదులుతుంది. ఇంకెప్పటికీ ఆ చోట ఉండదు. నొక్కకుండా ఆవిడ వైపు తిరిగి గట్టిగా అడిగాను.

"ఇది ఎక్కడిదాకా చూశారు అత్తయ్యా?"

"గుర్తులేదు. అమ్మాయి చెప్పేది."

కాస్త వెనక్కి తిప్పాను. వంటమనిషి మెట్లెక్కి పైకి వస్తున్న దగ్గర్నించి పెట్టాను. "ఇక్కడి దాకా వచ్చాం" అన్నాను.

అక్షరాలు నిజంగానే ఇంతింత ఉన్నాయి. వాటిని బొమ్మలో కలిపి పంపడానికి సర్వర్ సినిమా మొత్తాన్ని దారిలో మార్చాల్సొస్తోంది. బొమ్మ మెత్తబడింది, ఓడ అంచులు పలచగా చెదిరాయి. టీవీ కింద పెట్టెలో ఫ్యాను లేచింది. ఇంకో రోజైతే సెట్టింగుల్లోకి దూరి దాని అంతు చూసేవాణ్ని. ఆ రోజు సోఫాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ పెదాలు కదుపుతూ ఒక్కో మాటా చదువుకుంటున్నారు. బకెట్టులో ఏముందో అప్పుడు తెలిసింది, బతికున్న చేప. వంటమనిషి దాన్ని సముద్రంలో వదిలేశాడు. ఆవిడ, అయ్యో పాపం, అని నా వంక చూశారు. అవునన్నాను.

ఓడ రేవు చేరకముందే ఆవిడ పెదాలు కదలడం ఆగిపోయింది. పక్కకి తిరిగి చూశాను. తల సోఫా అంచుకి ఒరిగింది, కొత్త జోడు ముక్కు చివరికి జారింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. వంటమనిషి ఇంకా ఏదో మాట్లాడుతున్నాడు. నేను రిమోట్ అందుకుని ఆపేశాను.

ఫ్యాను ఆగింది. తెర మీద వరస వచ్చింది. మేనేజరు, సగంలో ఆపినవి, ఒక సినిమా, దాని కింద ఇంతకుముందు కంటే కాస్త పొడుగు గీత. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రి నుంచి ఒక్కణ్నే వచ్చిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను గానీ, ఆవిడకి ఎలాగూ వినపడదు.

చాలాసేపటికి ఆవిడ ఉలిక్కిపడి లేచారు. జోడు సర్దుకుని ముందు తెర వంక, తర్వాత నా వంక చూశారు.

"నిద్రపోయానా బాబూ?"

"లేదు అత్తయ్యా," అని గట్టిగా చెప్పాను. "నాకే నిద్రొచ్చేసింది. అందుకని ఆపేశా."